భాగం 9: కుండీలో పెరిగే సైకస్ - కాలాన్ని బట్టి నీటి యాజమాన్యం

9.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు సైకస్ నిర్మాణానికీ, దానికి పెట్టే నీటికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు. కుండీ మట్టిలో నీరు ఎలా నిలుస్తుందో ఇంట్లోనే చిన్న ప్రయోగంతో చూపగలుగుతారు. పర్చూరు వంటి నల్లరేగడి మైదానంలో ఏ కార్తెలో ఎన్ని రోజుల ఎడంతో తడి పెట్టాలో నిర్ణయించగలుగుతారు. నీటి ఎద్దడి, వేరుకుళ్లు, ఉప్పు దెబ్బ - ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపట్టగలుగుతారు.

9.1 పరిచయం

వివృతబీజాల ఖండంలో మీరు సైకస్‌ను ఇదివరకే చదివారు. కాండం, పత్రకం, ప్రవాళాభ వేళ్ల అడ్డుకోతల బొమ్మలు గీశారు. పరీక్ష అయ్యాక చాలామంది ఆ బొమ్మల్ని మరచిపోతారు. అదే మొక్క ఇంటి మెట్ల పక్కన కుండీలో ఉన్నప్పుడు ఆ బొమ్మల్లోని ప్రతి గీతా దానికి నీళ్లు ఎలా పోయాలో చెబుతుంది. ఈ భాగంలో ఆ గీతల్ని ఆచరణ వైపు నుంచి చదువుదాం.

ముందుగా ఒక అనుభవం. పర్చూరులో నేను పన్నెండేళ్లు పెంచిన కుండీ సైకస్ 2024 ఫిబ్రవరిలో చనిపోయింది. అంతకుముందు వేసవిలో, 43 డిగ్రీల ఎండలో, ఊరికి వెళ్లి పది రోజులు నీళ్లు పోయకపోయినా దానికి ఏమీ కాలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానల్లో కుండీ నాలుగు రోజులు ఆరుబయట నానింది. సంక్రాంతికి కూడా ఆకులు ముదురాకుపచ్చగానే ఉన్నాయి. జనవరి చివర కొద్దిగా వాలినట్టు కనిపిస్తే దాహమనుకుని రెండు చెంబులు ఎక్కువ పోశాను. ఫిబ్రవరిలో ఆకు పట్టుకుని లాగితే మొవ్వు మొత్తం చేతిలోకి వచ్చింది. లోపల దవ్వ పులిసిన వాసన కొట్టింది. నిజానికి వేళ్లు డిసెంబరులోనే పోయాయి. ఆ సంగతి ఆకులు చెప్పడానికి రెండు నెలలు పట్టింది.

ఈ మైదానంలో కుండీ సైకస్‌కు ప్రమాదకరమైన కాలం రోహిణీ కార్తె అనుకుంటాం. అది పొరపాటు. స్వాతి, విశాఖ కార్తెల్లో మొదలై డిసెంబరు తుపానుల దాకా సాగే వానకాలమే దానికి గండం. ఎందుకో తెలియాలంటే మొక్క లోపలికీ, కుండీ లోపలికీ చూడాలి.

9.2 మన కుండీలో ఉన్నది ఏ సైకస్?

నర్సరీల్లో 'సైకస్' పేరుతో అమ్మేది ఎక్కువగా సైకస్ రివల్యూటా. దీని స్వస్థలం దక్షిణ జపాన్ దీవులు. కడియం నర్సరీల నుంచి లారీల్లో మన ఊళ్లకు వచ్చేది ఇదే. పత్రకాల అంచులు కిందికి మడిచినట్టు ఉంటాయి, కొనలు గుచ్చుకుంటాయి. పత్రకాలు మెత్తగా, పొడవుగా, అంచు మడత లేకుండా ఉంటే అది పడమటి కనుమల సైకస్ సర్కినాలిస్ కావచ్చు.

మన రాష్ట్రానికే చెందిన జాతి ఒకటుంది. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమి ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించదు. స్థానికంగా దీన్ని పేరిత అనీ, మదనకామాక్షి అనీ పిలుస్తారు. పురుష శంకువుల్ని మందుల కోసం కోసుకుపోవడం వల్ల ఇది ప్రమాదంలో పడింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో దీన్ని చేర్చారు. కాబట్టి కొండ మీద నుంచి తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ఇక్కడ దీన్ని ప్రస్తావించడానికి ఇంకో కారణం కూడా ఉంది; ఈశాన్య రుతుపవనాల దగ్గర దాన్ని చెప్పుకుందాం.

చాలామంది సైకస్‌ను ఈత, అరెకా పామ్‌ల చుట్టమనుకుంటారు. 'సాగో పామ్' అన్న వ్యాపార నామం ఈ పొరపాటును పెంచింది. అవి పుష్పించే మొక్కలు, ఇది వివృతబీజం. అరెకాకు రోజూ నీళ్లు పోసే చేత్తోనే పక్కనున్న సైకస్‌కూ పోయడం వల్ల ఎన్నో మొక్కలు పోతున్నాయి.

9.3 దాహాన్ని బయటపెట్టని మొక్క

మిరప మొక్క మధ్యాహ్నం వాడుతుంది, సాయంత్రం తేరుకుంటుంది. ఆకే రైతుకు కబురు చెబుతుంది. సైకస్ ఆకు అలా చెప్పదు. పత్రకం అడ్డుకోత గుర్తుచేసుకోండి: పైన మందమైన అవభాసిని, దాని కింద బాహ్యచర్మం, ఆ కింద గట్టిపడిన కణాల అధశ్చర్మం. పత్రరంధ్రాలు అడుగు వైపు మాత్రమే ఉంటాయి, అవి కూడా గుంటల్లో దిగి ఉంటాయి. పత్రకంలో ఒక్క మధ్య ఈనె తప్ప పక్క ఈనెలు లేవు. నీటిని పక్కలకు చేరవేసే పని ట్రాన్స్‌ఫ్యూజన్ కణజాలానిది. ఇలాంటి ఆకు నీటిని పొదుపుగా వదులుతుంది. లోపల నీరు తగ్గినా ఆకు ఆకారాన్ని గట్టి కణాలు నిలబెడతాయి కాబట్టి అది వాడినట్టు కనిపించదు. పాఠ్యపుస్తకంలో 'ఎడారి లక్షణాలు' అని మనం రాసే వాటి ఆచరణలోని అర్థం ఇదే.

కాండం కథ కూడా ఇలాంటిదే. అడ్డుకోతలో దారువు సన్నని వలయంగా ఉండి, వల్కలం, దవ్వ విశాలంగా ఉంటాయి. వాటి నిండా పిండిపదార్థం, నీరు, జిగురు నాళాలు. ఒక్కమాటలో అది మొక్క పెట్టుకున్న గాదె. వేళ్లు, ఆకులు పూర్తిగా కోసేసిన సైకస్ మొద్దుల్ని వ్యాపారులు దూరదేశాలకు పంపుతారు; నెలల తరవాత నాటినా వాటిలో చాలా వరకు కొత్త వేళ్లు వేస్తాయి. వేళ్లు లేకుండానే ఇన్నాళ్లు బతకగలిగే మొక్క వేళ్లు కుళ్లినప్పుడు మాత్రం వెంటనే ఎలా చెబుతుంది? గాదెలో గింజ ఉన్నంతకాలం పైకి ఏ లోటూ కనబడదు.

ఇక ప్రవాళాభ వేళ్లు. సాధారణ వేళ్లు కిందికి పెరిగితే ఇవి మట్టి ఉపరితలం వైపు పెరిగి, పగడపు దిబ్బల్లా గుబురుగా చీలుతాయి. లోపల పచ్చని వలయంలో నాస్టాక్ వంటి నీలి ఆకుపచ్చ శైవలాలు ఉండి గాలిలోని నత్రజనిని స్థాపిస్తాయి. ఇవి పైకి రావడం గాలి కోసమే. కుండీ పైమట్టిలో బొడిపెల్లా కనిపించే వీటిని చూసి తెగులనుకుని గీకేసేవారున్నారు. గీకకండి. అవి ఆరోగ్యంగా ఉన్నాయంటే మట్టిలో గాలి ఆడుతున్నదని అర్థం. నల్లబడి మెత్తబడితే నీరు ఎక్కువైందనడానికి మొదటి సాక్ష్యం అదే; ఆకుల కన్నా చాలా ముందే దొరుకుతుంది.

కాబట్టి సైకస్‌కు నీళ్లు పోసేవారు ఆకును చూసి కాక మట్టిని చూసి నిర్ణయించాలి.

9.4 కుండీ లోపల నీరు ఏం చేస్తుంది?

పొలంలో పడిన నీరు కిందికి దిగుతూ పోతుంది. కుండీలో అడుగు ఉంది, దాంతో లెక్క మారుతుంది. రంధ్రం ఉన్నా సరే, నీరంతా కారిపోదు. మట్టి రేణువుల మధ్య సన్నని సందులు నీటిని కేశనాళికల్లా పట్టి ఉంచుతాయి. కారడం ఆగిన తరవాత కూడా అడుగున కొంత ఎత్తు వరకు సందులన్నీ నీటితో నిండి, గాలికి చోటు లేకుండా ఉంటాయి. ఈ తడిపొర ఎత్తు కుండీ ఎంత లోతన్నదాని మీద కాక, మట్టి ఎంత సన్నగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. సన్నమట్టిలో ఎక్కువ, గరుకు ఇసుకలో తక్కువ.

చేసి చూడండి: గిన్నెలు తోమే దీర్ఘచతురస్రాకారపు స్పాంజిని నీటిలో బాగా నానబెట్టి, రెండు చేతుల మీద బల్లపరుపుగా పట్టుకోండి. కారి కారి ఆగిపోతుంది. ఇప్పుడు పిండకుండా దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ నీరు ధారగా కారుతుంది. స్పాంజి అదే, నీరు అదే. ఎత్తు పెరిగితే నిలిచే తడిలో వంతు తగ్గింది. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న కుండీలో సైకస్ ఎందుకు త్వరగా కుళ్లుతుందో ఈ స్పాంజి చెబుతుంది.

అడుగున గులకరాళ్లు, పెంకులు పొరగా వేస్తే నీరు బాగా పోతుందని మనందరికీ ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు, చాలా ఏళ్లు నేనూ వేశాను. సన్నమట్టి నుంచి నీరు కింది పెద్ద సందుల్లోకి సులువుగా దిగదు. రాళ్ల పొర మీదనే ఆగుతుంది. అంటే తడిపొర రాళ్లంత ఎత్తుకు, వేళ్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. మట్టి జారిపోకుండా రంధ్రం మీద ఒక్క పెంకు ముక్క బోర్లిస్తే చాలు.

ఇక మన నేల సంగతి. పర్చూరు చుట్టుపక్కల పత్తి, మిరప, శనగ పండే నల్లరేగడి పొలంలో బంగారమే. కుండీలో మాత్రం సైకస్‌కు పనికిరాదు. ఆ బంకమన్నులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. తడిసినప్పుడు సందులు మూసుకుని వేళ్లకు గాలి అందదు. ఎండినప్పుడు మట్టిగడ్డ కుండీ గోడను వదిలి లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు పోసిన నీరు గోడ వెంట జారి రంధ్రంలోంచి బయటకొస్తుంది. 'నీళ్లు అడుగు నుంచి వచ్చాయి, తడిసింది' అని మనం తృప్తిపడతాం. గడ్డ నడిమి మాత్రం పొడిగానే ఉంటుంది. ఒకే మట్టి ఒక కాలంలో ముంచుతుంది, ఇంకో కాలంలో ఎండగడుతుంది. నర్సరీ నుంచి వచ్చే మొక్క వేళ్ల చుట్టూ ఉండే బంకమట్టి గడ్డకూ ఇదే వర్తిస్తుంది. కుండీ మార్చేటప్పుడు దాన్ని నీటిలో నానబెట్టి మెల్లగా వదిలించాలి.

రెండు పాళ్లు గరుకు ఏటి ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు ఇటుక ముక్కలు - ఈ మిశ్రమం సరిపోతుంది. చీరాల దగ్గర్లోనే కదా అని వాడరేవు ఇసుక తెచ్చుకోకండి. అది సన్నం, పైగా ఉప్పు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. సైకస్ పత్రకంలోని ఏ మూడు లక్షణాల వల్ల నీటి ఎద్దడి బయటకు కనిపించదు?
2. మీ ఇంట్లో ఉన్న ఏదైనా కుండీ లోతును, వెడల్పును కొలిచి, స్పాంజి ప్రయోగం ఆధారంగా దానిలో తడి ఎంతకాలం నిలవవచ్చో ఊహించి రాయండి.

9.5 ఆరుతడి పద్ధతి

మన రైతులకు 'ఆరుతడి' అన్న మాట కొత్త కాదు. వరికి నీరు నిలగడతాం; మిరపకు, శనగకు తడి పెట్టి, నేల ఆరనిచ్చి, మళ్లీ తడి పెడతాం. సైకస్ కుండీలో పెరిగే ఆరుతడి పంట. తడిపినప్పుడు పూర్తిగా తడపాలి, ఆరనిచ్చినప్పుడు సగం లోతు దాకా ఆరనివ్వాలి. రోజుకో గ్లాసు చొప్పున పోయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉండి ప్రవాళాభ వేళ్లు నలుగుతాయి, లోపలి వేళ్లకు మాత్రం నీరు చేరదు.

ఆరిందా లేదా అన్నది తెలుసుకోవడానికి వేలితో పైమట్టిని తాకడం చాలదు. వెదురు పుల్లను కుండీ అంచు దగ్గర జానెడు లోతు గుచ్చి, కాసేపు ఉంచి తీయండి. మట్టి అంటుకుని చల్లగా వస్తే ఆగండి. పొడిగా వస్తే తడి పెట్టండి. మట్టికుండీ అయితే వేలి కణుపుతో తట్టండి: తడిగా ఉంటే మొద్దుగా, ఆరితే ఖంగుమని మోగుతుంది. ప్లాస్టిక్ కుండీ అలా మోగదు; దాన్ని ఒక పక్కకు కొద్దిగా వంచి బరువు చూడాలి. నీళ్లు పోసిన గంటకు ఒకసారి, ఆరిన తరవాత ఒకసారి వంచి చూస్తే చేతికి ఆ తేడా అలవాటవుతుంది. నెల తిరిగేసరికి పుల్ల అవసరం ఉండదు.

పన్నెండు అంగుళాల కుండీకి ఒక్కో తడికి సుమారు రెండు నుంచి మూడు లీటర్లు పడుతుంది. ఒకేసారి కుమ్మరించకుండా రెండు మూడు విడతలుగా, కాండం చుట్టూ మట్టి మీద పోయాలి. మొవ్వులో పోయకూడదు. వానకు మొవ్వు తడవదా అంటే తడుస్తుంది, గాలికి ఆరుతుంది కూడా. ఆకుల మొదళ్ల మధ్య చెత్త, దుమ్ము పేరుకుని దానిలో రోజూ నీరు నిలవడమే ప్రమాదం. అడుగు నుంచి నీరు బయటకు వచ్చేదాకా పోసి, అరగంట తరవాత పళ్లెంలో చేరింది పారబోయాలి. పళ్లెంలో నీరు వదిలితే ఇటు వేళ్లు కుళ్లుతాయి, అటు దోమలు పెరుగుతాయి.

9.6 కార్తెల వెంట

కింద చెప్పే రోజుల ఎడం పన్నెండు అంగుళాల మట్టికుండీకి, ఇసుక మిశ్రమానికి, సగం పూట ఎండ తగిలే చోటుకు వర్తించే ఆరంభ అంచనా. ప్లాస్టిక్ కుండీ అయితే ఎడాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు చేయండి. మట్టిగోడ గుండా ఆవిరయ్యే నీరు అందులో ఉండదు. తుది మాట ఎప్పుడూ పుల్లదే.

9.6.1 ఎండాకాలం

మార్చిలో కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నప్పుడు వారానికి ఒక తడి సరిపోతుంది. ఏప్రిల్‌లో నాలుగైదు రోజులకు ఒకటి, కృత్తిక, రోహిణి కార్తెల్లో, అంటే మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా, మూడు రోజులకు ఒకటి. తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ పోయాలి. మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు గొట్టంలో నిలిచిన నీరు చేయి కాలేంత వేడిగా ఉంటుంది. ఆ నీటిని వేళ్ల మీద పోయకండి. సిమెంటు డాబా మీద ఉన్న కుండీ కింద రెండు ఇటుకలు పెడితే అడుగు వేళ్లు ఉడకవు.

ఈ కాలంలో జాగ్రత్త పడాల్సిన సమయం ఒకటే: కొత్త ఆకులు వచ్చే వేళ. సైకస్ ఒక్కో ఆకుగా కాక, మొవ్వు నుంచి ఒక వరస ఆకుల్ని ఒకేసారి వేస్తుంది. మన దగ్గర ఇది ఎక్కువగా వేసవిలోనో తొలకరిలోనో జరుగుతుంది. అప్పుడు పత్రకాలు గడియారపు స్ప్రింగులా చుట్టుకుని, గోధుమరంగు నూగుతో, మైనమంత మెత్తగా ఉంటాయి. అవి విప్పుకుని గట్టిపడే నాలుగైదు వారాలు మాత్రం మట్టిని సగం దాకా ఎండనివ్వకండి. పైన రెండంగుళాలు ఆరగానే తడి పెట్టండి. ఆ వారాల్లో నీరు తగ్గితే ఆకులు పొట్టిగా, వంకరగా గట్టిపడతాయి. తరవాత ఎంత పోసినా సరికావు. ఆ ఆకులు రాలేదాకా ఏళ్లపాటు ఆ వంకర చూస్తూ ఉండాలి. కుండీని తిప్పడం, చోటు మార్చడం కూడా అప్పుడు వద్దు. లేత ఆకులు వెలుతురు వైపు మెలిపడతాయి.

9.6.2 నైరుతి కాలం

మృగశిర నుంచి ఉత్తర కార్తె దాకా. ఈ మైదానంలో నైరుతి వానలు జల్లులుగా, ఎడమిస్తూ పడతాయి. నడుమ ఉక్కపోత, ఎండ. ఈ ఎడాలే సైకస్‌కు మేలు చేస్తాయి. వాన పడిన వారం నీళ్లు మానేయండి. వాన మొహం చాటేస్తే ఐదారు రోజులకో తడి. చిన్న జల్లు ఆకుల గొడుగు మీద పడి కుండీ బయటికి జారిపోతుందని మాత్రం మరవకండి. వాకిలి తడిసిందని కుండీ తడిసినట్టు కాదు.

9.6.3 ఈశాన్య కాలం

అక్టోబరు మధ్యలో గాలి తిరుగుతుంది. చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలు, ఆపైన డిసెంబరు. ఏడాది వానలో పెద్ద భాగం ఇక్కడ ఈ కాలంలో వాయుగుండాల రూపంలో వస్తుంది. రెండు మూడు రోజులు ముసురు విడవదు. ఎండ బలం తగ్గుతుంది, గాలిలో తేమ ఎక్కువ. మేలో మూడు రోజుల్లో ఆరే కుండీ ఇప్పుడు రెండు వారాలైనా ఆరదు. అదే సమయంలో మొక్క కొత్త ఆకులు వేయడం ఆపి, నీటి వాడకం తగ్గించుకుంటుంది. రావడం ఎక్కువ, పోవడం తక్కువ.

సందుల్లో గాలి లేకపోతే వేళ్లు కొద్ది రోజుల్లోనే ఊపిరాడక చస్తాయి. చచ్చిన వేళ్ల మీద ఫైటాఫ్తొరా, పిథియం వంటి శిలీంధ్రాలను పోలిన జీవులు చేరి పైకి పాకుతాయి. మిరపతోటలో కూడా ఇదే జరుగుతుంది. నీరు నిలిచిన చాలులో మొక్కలు వాడితే అనుభవమున్న రైతు ఇంకో తడి పెట్టడు. పార తీసుకుని బోదె తెంచి నీరు బయటికి పంపుతాడు. పొలంలో అంత తెలివిగా ఉండేవాళ్లమే ఇంటి ముందు కుండీ దగ్గరకు వచ్చేసరికి వాడిన మొక్కకు చెంబుతో ఎదురెళ్తాం. నేను చేసిన తప్పు అదే.

ఇక్కడ సైకస్ బెడ్డోమిని గుర్తుచేసుకోవాలి. శేషాచలం కొండల మీద కూడా ఇదే ఈశాన్య రుతుపవనం కురుస్తుంది. అక్కడ మొక్క కుళ్లదు. వాలు మీద, రాళ్ల సందుల్లో, గరుకు మట్టిలో నిలబడి ఉంటుంది కాబట్టి పడిన నీరు పడినట్టే జారిపోతుంది. ఎండాకాలంలో కొండ గడ్డికి నిప్పంటుకుని ఆకులన్నీ మాడినా కాండం బతికి, మళ్లీ మొవ్వు వేస్తుంది. ఎండకూ మంటకూ ఓర్చే ఈ జాతి మొక్కను చంపేది వాన కాదు, వాన నిలిచే చోటు.

కాబట్టి దసరా వెళ్లగానే కుండీని వసారాలోకి, చూరు కిందికి జరపండి. కదపలేనంత పెద్ద కుండీ అయితే మూడు ఇటుకల మీద ఎత్తి, రంధ్రం మూసుకుపోలేదని ఇనుప చువ్వతో పొడిచి చూడండి. తుపాను హెచ్చరిక వస్తే మట్టి మీద, కాండం చుట్టూ, పాలిథీన్ పట్టా కప్పి తాడు కట్టండి; వాన వెలిసిన రోజే తీసేయండి. పట్టా లేకపోతే కుండీని పక్కకు ఒరిగించి పడుకోబెట్టినా సరే. చూడ్డానికి బాగుండదు, మొక్క బతుకుతుంది. చూరు కింద ఉన్న కుండీకి ఈ కాలమంతా పది, పన్నెండు రోజులకో తడి; ముసురు రోజుల్లో అదీ వద్దు.

9.6.4 చలికాలం

జనవరి, ఫిబ్రవరి. మన చలి సైకస్‌కు చలే కాదు. పది నుంచి పద్నాలుగు రోజులకు ఒక తడి, పొద్దెక్కాక. ఎండ తగిలే చోటికి మళ్లీ జరపవచ్చు.

9.7 ఏ నీరు?

ఈ తీరమైదానంలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పదనంతో ఉంటుంది. పొలంలో వాన ఆ ఉప్పును కడిగేస్తుంది. చూరు కింది కుండీలో మాత్రం నీరు ఆవిరై, ఉప్పు మిగిలిపోతుంది. ప్రతి తడితో కొంచెం పేరుకుంటుంది. కుండీ అంచున, బయటి గోడ మీద తెల్లని పొర కనిపిస్తే అది ఉప్పు, సున్నం. పత్రకాల కొనలు వరసగా గోధుమరంగుకు తిరగడం దాని గుర్తు. కాలువ నీరు, చెరువు నీరు, పట్టి ఉంచిన వాన నీరు మేలు. బోరు నీరే గతి అయితే వేసవిలో నెలకొకసారి కుండీ ఘనపరిమాణానికి రెట్టింపు నీటిని మెల్లగా పోసి ఉప్పును కిందికి కడగాలి. ఇసుక మిశ్రమంలో ఇది సాధ్యం. నల్లమట్టిలో ఈ పని చేస్తే మొక్కను ముంచినట్టే.

సున్నం పాలు ఎక్కువైన నీరు, మట్టి ఇంకో చిక్కు తెస్తాయి. క్షారగుణం వల్ల మాంగనీసు మట్టిలో ఉన్నా వేళ్లకు అందదు. అప్పుడు కొత్తగా వచ్చిన వరస ఆకులు పసుపుబారి, ముడుచుకుని, కాల్చిన కాగితంలా గరుకవుతాయి. కింది పాత ఆకులు పచ్చగానే ఉంటాయి. నీళ్లు చాలలేదనుకుని పోయడం వృథా. లీటరు నీటికి 2 గ్రాముల మాంగనీసు సల్ఫేటు కలిపి ఆకుల మీద పిచికారీ చేయాలి. చెడిన ఆకులు బాగుపడవు. ఫలితం తరవాతి వరసలో కనిపిస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
3. మూడు కుండీ సైకస్‌లు ఉన్నాయి. మొదటిదానిలో కొత్త ఆకులు మాత్రమే పసుపు. రెండోదానిలో అన్ని ఆకుల కొనలూ గోధుమరంగు. మూడోదానిలో ఆకులన్నీ ఒకేసారి వెలిసి వాలాయి, మొవ్వు కదుపుతుంటే కదులుతున్నది. ఒక్కోదానికి కారణం, మీరు చేయబోయే మొదటి పని రాయండి. (కింది వరసలో ముదిరిన ఒకటి రెండు ఆకులు పండి రాలడం జబ్బు కాదు.)

9.8 కుళ్లు మొదలైతే

మూడో ప్రశ్నలోని మూడో మొక్క లాంటిది మీ ఇంట్లో ఉంటే నీరు ఆపి ఎదురుచూడటం చాలదు. కుండీ నుంచి తీయండి. చేతులకు తొడుగులు వేసుకోండి. సైకస్‌లో అన్ని భాగాల్లోనూ, గింజల్లో మరీ ఎక్కువగా, సైకాసిన్ అనే విషం ఉంటుంది. కోసిన ముక్కలు కుక్కలకు, మేకలకు, పిల్లలకు అందకుండా పాతిపెట్టాలి.

మట్టి కడిగి చూడండి. బతికిన వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. చచ్చిన వేరు పైతోలు చేతికి ఊడివచ్చి లోపలి దారం మిగులుతుంది. చచ్చినవన్నీ కోసేయండి. కాండం అడుగు మెత్తగా ఉంటే శుభ్రమైన కత్తితో పొరలు పొరలుగా, తెల్లని గట్టి భాగం వచ్చేదాకా చెక్కండి. బొటనవేలితో నొక్కితే దిగబడని చోట ఆగండి. కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను ముద్దగా కలిపి గాయానికి పూయండి. మిరపతోట ఉన్న ఇంట్లో ఆ పొట్లం ఎలాగూ ఉంటుంది. ఆకులన్నీ కోసేయాలి, వేళ్లు లేని మొక్క వాటిని పోషించలేదు. నీడలో, గాలి ఆడేచోట రెండు వారాలు ఆరబెట్టి, ఉత్త గరుకు ఇసుకలో పావు వంతు దిగేలా నిలబెట్టండి. నెలకు ఒకటి రెండుసార్లు ఇసుక కొద్దిగా తడిస్తే చాలు.

ఆ మొద్దు ఆరు నెలలో, ఏడాదో కదలకుండా ఉండిపోవచ్చు. చచ్చిందని పారేయకండి; వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే బతికే ఉంది. ఈ జాతుల ఓపిక మన లెక్కలకు అందదు. ఫ్రాన్సిస్ మాసన్ దక్షిణాఫ్రికా నుంచి 1775లో లండన్ క్యూ ఉద్యానవనానికి తెచ్చిన ఎన్సెఫలార్టస్ ఆల్టెన్‌స్టీనీ అనే సైకాడ్ ఇప్పటికీ కుండీలోనే బతికి ఉంది. అన్నేళ్లలో అది 1819లో ఒక్కసారే శంకువు వేసింది. దానికి నీళ్లు పోసిన చేతులు ఎన్ని తరాలు మారాయో లెక్కేసుకోండి.

మొవ్వులో నూగు కదిలి కొత్త ఆకులు కనిపించిన రోజున మొద్దును ఇసుక నుంచి తీయకండి. ముందు ఆకులు వస్తాయి, వేళ్లు ఇంకా చాలినన్ని ఉండకపోవచ్చు. ఆ వరస పూర్తిగా గట్టిపడి, కాండాన్ని మెల్లగా కదిపితే ఇసుకను పట్టుకుని ఉన్నట్టు అనిపించాక 9.4లో చెప్పిన మిశ్రమంలోకి మార్చి, ఒక పూర్తి తడి పెట్టండి. రెండో తడి పుల్ల పొడిగా వచ్చాకే.